మనిషిని నడిపించే బండి

దయచేసి బాగా నడిచే బండి కొనకండి. ఎక్కగానే కదిలి, చెప్పిన చోట ఆగి, పొద్దుగుంకేలోగా ఇంటికి తెచ్చి దించే బండి వల్ల మనిషికి ఒరిగేదేమీ లేదు. అలాంటి బండ్లు మనుషుల్ని చెడగొడతాయి. దేవుడు గుర్తుకు రాడు, పెళ్ళాం గుర్తుకు రాదు, సొంత కాళ్ళున్న సంగతి అసలే గుర్తుకు రాదు. కొత్త రకం ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఈ లోపం లేదు. కడప జిల్లాలో అలాంటి బండి ఒకటి ఒక పెద్దమనిషిని ఎలా ఉద్ధరించిందో వినండి.

ఆ పెద్దమనిషి పేరు తిరుమలయ్య. వేంపల్లె బజారులో వేరుశనగ వ్యాపారం. కొనుగోళ్ళకు పల్లెలు తిరగడానికి చాలా ఏళ్ళు ఒక పాత జీపు తోలాడు. ఆ జీపుకు నాగరికత తెలియదు. గేరు మార్చాలంటే రెండు చేతుల బలమూ, కొంత కోపమూ కావాలి. వంకలో దిగితే వంక దాటేది, బురదలో దిగితే బురద దాటేది. ఎప్పుడైనా ఆగిపోతే నలుగురు తోసేవాళ్ళు, మళ్ళీ కదిలేది. ఎందుకు ఆగిందో అది చెప్పేది కాదు, ఎందుకు కదిలిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అంత మొరటు బండి!

రెండువేల ఏడులో దాన్ని వదిలించుకుని తిరుమలయ్య కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాడు. దీనికి జ్ఞానం ఎక్కువ. లోపల కంప్యూటర్ ఉంది. చక్రాల్లో గాలి సంగతి, బయట ఎండ సంగతి, తలుపు సరిగా పడిందా లేదా అన్న సంగతి, అన్నీ దానికి తెలుసు. తెలిసినదంతా ఎర్ర దీపాలు వెలిగించి చెబుతుంది. చెప్పింది వినకపోతే కూత పెడుతుంది. పాత జీపులో నాలుగు చక్రాలకూ పని చెప్పాలంటే మోకాలి పక్కనున్న ఇనప కడ్డీని గుంజాలి. ఇందులో గుండ్రటి మీట ఒకటి, రెండు వేళ్ళతో తిప్పితే చాలు. బండి కాసేపు ఆలోచించుకుని, తనకు ఇష్టమైతే ఆ పని చేస్తుంది.

తనకు ఇష్టమైతే అన్న ముక్క మాత్రం షోరూములో ఎవరూ చెప్పలేదు.

ఉగాది దగ్గర పడింది. బండికి శ్రీశైలంలో పూజ చేయించాలని తిరుమలయ్య నిర్ణయించాడు. ఆయన భార్య సుందరలక్ష్మికి మల్లన్న దగ్గర పాత మొక్కు ఒకటి ఉంది, కాలినడకన కొండకు వస్తానని. ఏటా ఉగాది ముందు ఆమె ఆ మాట ఎత్తేది. ఏటా ఆయన బండి ఉండగా నడకెందుకనేవాడు. ఈసారి ఆ వాదనకు మరింత బలం వచ్చింది. ఇంత బండి ఇంట్లో పెట్టుకుని నడిచి వెళితే స్వామి మన ముఖం చూసి నవ్వుతాడన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది.

నంద్యాల దాటారు, ఆత్మకూరులో ఇడ్లీలు తిన్నారు, దోర్నాల దగ్గర మలుపు తిరిగి ఘాట్ రోడ్డు పట్టారు. దారి పొడుగునా నడకభక్తులే. కన్నడ దేశం నుంచి కొందరు, ఆదోని పక్క పల్లెల నుంచి కొందరు, నెత్తిన మూటలు, చేతుల్లో తాళాలు. తిరుమలయ్య హారన్ కొట్టి అందరినీ పక్కకు తప్పించుకుంటూ వెళ్ళాడు. పక్క సీటులో సుందరలక్ష్మి వాళ్ళ పాదాలనే చూస్తూ కూర్చుంది.

ఆమె ముఖంలో ఉత్సాహం లేకపోవడం ఆయనకు నచ్చలేదు. బండి గొప్ప తెలియకనే ఇలా ఉందనుకున్నాడు. నున్నటి తారు రోడ్డు, చినుకు తడి లేదు, గుంత లేదు. అయినా ఎత్తు మొదలైన చోట మీటను చివరిదాకా తిప్పి, ఇప్పుడు చూడమన్నాడు. లోపల ఏదో తాళం పడినట్టు చప్పుడైంది. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం మనిషి నడక దాటి పోవడం లేదు. మీట వెనక్కి తిప్పితే దీపాలు ఆర్పుకుంది కానీ నడక మార్చుకోలేదు. బండి ఆపి, తాళం చెవి తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. అధీకృత సర్వీస్ కేంద్రాన్ని సంప్రదించమని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి.

ఒక మలుపులో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ దొరికితే కంపెనీ వాళ్ళకు ఫోన్ చేశాడు. హిందీకి ఒకటి నొక్కి, ఇంగ్లీషుకు రెండు నొక్కి, తెలుగుకు ఏదీ లేదని తెలుసుకున్నాక ఒక అమ్మాయి పలికింది. ఆమె చాలా మర్యాదస్థురాలు. మీరు సురక్షితమైన చోట ఉన్నారా అని అడిగింది. ఇది పులులుండే అడవి అని ఈయన తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఆ చోటికి పిన్‌కోడ్ ఏమిటని అడిగింది. పులులకు ఉత్తరాలు రావు కనుక ఆ సంగతి ఆయనకు తెలియదు. కంపెనీని సంప్రదించినందుకు ధన్యవాదాలు చెప్పి, ఆమె ఇంకేదో చెప్పబోతుండగా సిగ్నల్ పోయింది.

పాత జీపు ఏనాడైనా ఒక ధన్యవాదం చెప్పిందా? లేదు.

ఇక చేసేదేమీ లేక అదే నడకతో తోలుకుంటూ పోయాడు. కాసేపటి కింద హారన్ కొట్టి పక్కకు తప్పించిన భక్తులంతా ఒక్కొక్కరే వెనక నుంచి వచ్చి కలిశారు. కొందరు దాటి కూడా పోయారు. ఆదోని పక్క పల్లె నుంచి వస్తున్న నాగన్న అనే రైతు కొంతదూరం బండి పక్కనే నడిచి, కిటికీలోకి తొంగిచూశాడు.

"ఏమప్పా, ఎట్లాగూ మాతోనే వస్తాండావు. మాయమ్మకు కాళ్ళు బొబ్బలెక్కిండాయి. కొంచెం ఎక్కించుకుంటావా?"

తిరుమలయ్య జవాబు వెతుక్కునేలోపే సుందరలక్ష్మి తలుపు తీసి దిగింది. నాగన్న తల్లిని, పెద్దక్క అనే ఆ ముసలామెను, తన సీటులో కూర్చోబెట్టి, చెప్పులు విప్పి బండిలో పడేసి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎగ్గట్టుకుని రోడ్డు మీద నడక మొదలుపెట్టింది. ఆయన వద్దనాలనుకున్నాడు. కానీ బండి ఉండగా నడకెందుకన్న మాట ఆ క్షణంలో నోటికి రాలేదు.

దానితో అందరి మూటలూ వెనక సీటులోకి చేరాయి. జొన్నపిండి మూట ఒకటి కాస్త బరువుగా ఉండడంతో బండి దాన్ని మనిషి అనుకుంది. బెల్టు పెట్టుకోమని కూత మొదలుపెట్టింది. మూటకు బెల్టు కట్టారు. అప్పుడు బండి పెద్దక్క వైపు తిరిగింది. నన్ను కట్టేసేదానికి నేనేం ఎద్దునా అని ఆమె బెల్టు విదిలించింది. కూత ఆగలేదు. టింగు టింగుమని ఒకే లయలో పోతూంటే పక్కన నడుస్తున్నవాళ్ళు తాళాలు తీశారు. ఆ లయ భజనకు అతికినట్టు సరిపోయింది. ఏ ఇంజనీరు కనిపెట్టాడో కానీ, మల్లన్న సేవకు అంతకంటే మంచి వాయిద్యం నల్లమలలో ఆ రోజు లేదు!

పెద్దక్కకు ఆ ప్రయాణం బాగా నచ్చింది. "శానా బండ్లు ఎక్కినానప్పా. అందరూ దయ్యం పట్టినట్ల తోల్తారు. నీ మాదిరి నిమ్మళంగా, భక్తితో తోలేటోన్ని ఈడనే చూస్తి" అంది. బండి చెడిపోయిందని చెబితే ఆమె మనసు కష్టపెట్టుకుంటుందని తిరుమలయ్య చెప్పలేదు. దారిలో ఇంకెవరో ఆయన పాదాలకు దండం పెట్టబోతే, యాక్సిలరేటర్ మీద ఉన్న కాలు తీయడం కుదరక ఊరుకున్నాడు.

శిఖరం దగ్గరికి చేరేసరికి ఎండ వాలింది. అక్కడి నుంచి గుడి గోపురం చూస్తే మళ్ళీ జన్మ ఉండదని నమ్మకం. బండి కూడా ఆ మాట నమ్మినట్టుంది. గోపురం వైపు ముఖం పెట్టి చిన్నగా వణికి ఆగిపోయింది. తాళం చెవి తిప్పితే ఈ చెవి తనది కాదంది. ఆ చెవితోనే పొద్దున్నుంచీ వచ్చిన మనిషి ఇక ఏం మాట్లాడతాడు? పెద్దక్కను ఆటో ఎక్కించారు, మూటలు మళ్ళీ నెత్తుల మీదికెక్కాయి. బండిని రోడ్డు పక్కకు తోయడానికి భక్తులంతా పట్టుకున్నారు కానీ దాని చక్రాలు బిగుసుకుపోయి కదల్లేదు. తోస్తే కదిలేంత తక్కువ రకం బండి కాదది.

తిరుమలయ్య కూడా నడవాల్సి వచ్చింది. మొదట్లో ఆయన బండిని, కంపెనీని, ఆ అమ్మాయిని తిట్టుకుంటూ నడిచాడు. ఆ తర్వాత ఊపిరి చాలక తిట్లు ఆపాడు. సుందరలక్ష్మి పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అయినా ఆమె ముఖంలో ఒక వెలుగుంది. కొత్త బండి ఇంటికొచ్చిన రోజున కూడా ఆయన ఆ ముఖం అలా చూడలేదు. ఇంత సంతోషం దేనికని అడిగాడు.

"ఈ మొక్కు ఎవరి కోసమో మీరు ఒకసారీ అడగల్యా" అంది ఆమె.

"ఎవరి కోసం?"

"కర్నూలు ఆసుపత్రిలో మీకు ఆపరేషన్ చేస్తాంటే, బయట బెంచీ మింద కూర్చోని మొక్కుకుంటి. ఈ మనిషిని నడిపించుకోని ఇంటికి తోలిస్తే నేను నడ్చి నీ కొండకు వస్తానంటి. స్వామి తన మాట నిలబెట్టుకున్యాడు. నా మాటే మీరు నిలబెట్టుకోనియ్యల్యా."

ఆపరేషన్ అయి ఎన్నేళ్ళయిందో తిరుమలయ్య మనసులో లెక్క వేయబోయి మానుకున్నాడు. అన్ని ఉగాదులూ ఆమె అడగడం, అన్ని ఉగాదులూ తాను నవ్వి తోసేయడం గుర్తొచ్చింది. ఆమె చేతిలోని టెంకాయల సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. తర్వాత తన చెప్పులు కూడా విప్పి ఆ సంచిలోనే పెట్టాడు. ఆమె కాళ్ళకు నొప్పి తెలియకుండా ఎంత నిదానంగా నడవాలో అంత నిదానంగా నడిచాడు.

దర్శనం బాగా జరిగింది. వాహనపూజ మాత్రం కుదరలేదు, వాహనం రాలేదు కనుక.

మరునాడు లారీ ఒకటి వచ్చి బండిని వీపున వేసుకుని కర్నూలు తీసుకుపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు దానికి ఇంకో కంప్యూటర్ తగిలించి చాలాసేపు చూశారు. బండిలో ఏ లోపమూ లేదని, లోపముందని చెప్పే సెన్సర్‌లోనే లోపముందని తేల్చారు. ఆ సెన్సర్ ఓడలో రావాలన్నారు. అది వచ్చేసరికి తిరుమలయ్య కర్నూలుకు బస్సులో తిరిగి తిరిగి కండక్టర్లందరికీ బంధువైపోయాడు. మనుషులతో పరిచయాలు పెంచే బండి కదా మరి!

ఇంటికి తెచ్చాక అది మరో సేవ మొదలుపెట్టింది. అద్దం మీద దుమ్ము పడితే వాన అనుకుని తనంతట తానే వైపర్లు ఊపేది. ఆ ఏడు వేంపల్లె చుట్టుపక్కల సరైన వాన చూసింది ఆ బండి ఒక్కటే. దాన్ని చూసి ఆశపడి ఆకాశం వైపు చూసిన రైతులు లేకపోలేదు.

చివరికి దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆలూరు వైపు నల్లరేగడి చేలున్న వీరభద్ర అనే రైతు విని, ఒక మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తట్టి చూశాడు, తృప్తిపడ్డాడు. ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నావని అడిగాడు.

తిరుమలయ్యకు బేరంలో అబద్ధమాడే అలవాటు లేదు. ఉన్నదున్నట్టు చెబితే బండి అమ్ముడుపోదు. కాబట్టి జరిగిందంతా జరిగినట్టే, కాకపోతే పుణ్యం వైపు నుంచి చెప్పాడు. ఈ బండి తనకు కాలినడక యాత్ర చేయించిందన్నాడు. పెళ్ళాం మనసులో మాట వినిపించిందన్నాడు. అహంకారం తగ్గింది, పొట్ట తగ్గింది, నలుగురు దండం పెట్టారన్నాడు. ఇన్ని పుణ్యాలూ తానొక్కడే మూటగట్టుకోవడం న్యాయం కాదనిపించి అమ్ముతున్నానన్నాడు. లోపల వంటింట్లో సుందరలక్ష్మి నవ్వు ఆపుకోలేక చెంబు కింద పడేసింది.

వీరభద్ర అంతా శ్రద్ధగా విన్నాడు. ఇచ్చిన మజ్జిగ పూర్తిగా తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని లేచాడు.

"పుణ్యం నాకూ కావల్ల అన్నా. వచ్చే ఉగాదికి తప్పకుండా నడ్చే పోతా. అయితే నడిచేదానికి నాకు కాళ్ళుండాయి గదా. బండి అడిగింది చేనికి పోయేదానికి."