ఏడో నంబరు నెమరు వేయడం లేదు

కొట్టంలోకి వెళ్ళి, ఆవు ముఖం చూసి, ఒంటి మీద చెయ్యి వేసి, "ఏమ్మా, తినలేదేం?" అని అడిగే కాలం పోయింది. పోవడమే మంచిదైంది! ఇవాళ అలా అడిగేవాణ్ణి రైతు అనరు, పనిలేనివాడు అంటారు.

నమ్మకపోతే మా బావను చూడండి.

మా బావకు పన్నెండు పాడి ఆవులు. ప్రతి ఆవు మెడలోనూ ఒక పట్టీ, పట్టీకో సెన్సర్. ఎంత మేసింది, ఎంతసేపు నెమరు వేసింది, ఎన్నిసార్లు పడుకుని లేచింది, ఎక్కడుంది, సమస్తం ఫోన్లోకి వచ్చి పడుతుంది. మొదట్లో అదంతా బావే కళ్ళజోడు పెట్టుకుని చదివేవాడు. పాపం, కళ్ళు లాగేవి. అందుకని మొన్న దాన్నీ ఆటోమేటిక్ చేయించాడు. ఇప్పుడు చదివేదీ సాఫ్ట్‌వేరే, జబ్బని తేల్చేదీ సాఫ్ట్‌వేరే, పశువుల డాక్టరుకు కబురు పెట్టేదీ సాఫ్ట్‌వేరే! బావ చేయాల్సిందల్లా ఫోన్లో పన్నెండు పచ్చ చుక్కలు చూసి మురిసిపోవడం.

ఎంత హాయి! ఆవు ఒక్క పూట మేత తగ్గిస్తే చాలు, చుక్క ఎర్రబడుతుంది. మందకు దూరంగా ఉండిపోతే "దిగులుగా ఉంది" అని మెసేజ్. ఇంత వైభోగం ఏ మహారాణికి జరిగింది చెప్పండి?

ఒక ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. అక్క ఆవుల్ని కడుగుతోంది. ఆ పని ఇంకా ఆటోమేటిక్ కాలేదు. ఏడో నంబరు ఆవుకు మెడ ఒరుసుకుపోయిందని పట్టీ విప్పింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో బ్రష్షు. పెట్టే చోటు లేక పట్టీని తన మెడలోనే వేసుకుంది. అంతలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, పట్టీ సంగతి మరిచి వంటింట్లోకి పరుగెత్తింది.

కాఫీ ఇస్తూ, "ఏవండీ, రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది. ముద్ద దిగడం లేదు," అంది.

"ఊఁ," అన్నాడు బావ తల ఎత్తకుండా. "మన ఆవులన్నీ ఫస్ట్ క్లాస్!"

నేను కాఫీ బాగుందన్నాను. అక్క మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నానికి ఫోన్ గోల పెట్టింది. ఏడో నంబరు! ఆరు గంటలుగా మేత ముట్టలేదు. నెమరు లేదు. ఒక్కసారీ పడుకోలేదు. మంద నుంచి విడిపోయింది. పరిస్థితి విషమం!

బావ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. చెప్పులైనా వేసుకోకుండా కొట్టంలోకి పరుగు! అక్కడ ఏడో నంబరు తాపీగా నెమరు వేస్తూ ఇతని వంక జాలిగా చూసింది. ఇంతలో సాఫ్ట్‌వేర్ కబురందుకున్న పశువుల డాక్టరు గారు సంచీతో సహా దిగారు. ఫోన్ చూపించిన దారినే నడిచి ముగ్గురం చేరింది వంటింటికి.

పొయ్యి దగ్గర అక్క. మెడలో పట్టీ.

డాక్టరు గారు ఒక్క చూపు చూశారు. "ఆవుకేం లేదండీ. జ్వరం అమ్మగారికి. ఆ కళ్ళు చూస్తే తెలియడం లేదా? ముందు మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

బావ అక్క నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. "ఇంత కాలిపోతుంటే చెప్పవేమే?"

అక్క మెడ తడుముకుని, పట్టీ తగిలేసరికి నవ్వేసింది. "నేను చెబితే ఊఁ అన్నారు. ఇది చెబితే పరుగెత్తుకొచ్చారు. ఉండనివ్వండి, తీయను."

అక్కకు తగ్గింది. ఏడో నంబరుకు మాత్రం బావ కొత్త పట్టీ కొనాల్సి వచ్చింది.

కనుక పాఠకులారా, నా విన్నపం ఇదే: ఆవులున్నా లేకున్నా, ఇంటికో పట్టీ తప్పనిసరి చేయాలి! మనుషుల్ని పట్టించుకోవడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన మార్గం లేదు.

ఈ మాట ఇంత గొప్పగా రాస్తుండగానే మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఏదో అంది. "ఊఁ" అన్నాను. ఏమందో మాత్రం నన్నడక్కండి.