యశోదమ్మ గారి ఫ్రిజ్‌లో బుగ్గ నీళ్లు

పరిశోధన నమూనాలను డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. పెడితే సైన్సు అక్కడే ఆగిపోతుంది.

నమ్మరా? నా సంగతే వినండి. గోదావరి పక్క అడవిలో ఒక వేడినీటి బుగ్గ ఉంది. ఆకులూ పాచీ కుళ్లి ఆ నీళ్లలో కరిగిపోతాయి. బుగ్గ నోటి దగ్గర వేడికి ఆ కరిగినది ఎలా విడిపోతుంది, కాలువ వెంట చల్లారేకొద్దీ ఎలా మారుతుంది, ఇదీ నా పీహెచ్‌డీ. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కణ్నే. అందుకే గైడు రామచంద్రయ్య గారి మాట అక్షరాలా పాటిస్తాను. సీసాలు చీకట్లో, చల్లగా ఉండాలి. లేదంటే నీళ్లలోని సూక్ష్మజీవులు నా థీసిస్‌ను తినేస్తాయి.

డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో చోటు లేదన్నారు. పన్నెండు సీసాలకూ నల్ల కాగితం చుట్టి, అశోక్‌నగర్‌లో నేను కిరాయికుండే ఇంటి యజమానురాలు యశోదమ్మ గారి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. నీళ్లను పరీక్షించే మిషన్ మీద నా వంతు మూడు వారాలకు వచ్చింది.

ఫలితాలు చూసి రామచంద్రయ్య గారు ముచ్చటపడ్డారు. వేడిగా ఉన్న చోటా, చల్లారిన చోటా నీళ్లు ఇంచుమించు ఒకటేనట. "ఇది కొత్త విషయమయ్యా, రాసెయ్" అన్నారు.

ఆ సాయంత్రం వెనకింటి ఈదమ్మ ఎదురొచ్చింది. "యశోదమ్మ ఇచ్చిన నీ గోదారి తీర్థం రాస్తే మోకాళ్ల నొప్పి జర తగ్గింది కొడుకా."

నా థీసిస్‌లో ఇంత స్పష్టమైన ఫలితం ఇంకోటి లేదు. సైన్సు ప్రజల్లోకి వెళ్లాలని అందరూ అంటారు. ఎవరైనా పంపారా? నాది చెంచా చెంచాగా చిక్కడపల్లి దాటి, నారాయణగూడలో యశోదమ్మ గారి చెల్లెలింటి దాకా వెళ్లింది.

"మరి సీసాలు నిండుగనే ఉన్నయి కదమ్మా?" అని యశోదమ్మ గారిని అడిగాను.

"తీర్థం ఒడ్వనియ్యొద్దు, సీసా ఖాళీ కావద్దు బిడ్డా. తీసినకాడికి నల్లా నీళ్లు పోసిన. నీ చదువుకు తక్కువ చేస్తనా నేను?"

చేయలేదు. పన్నెండు సీసాలకూ సమానంగా చేశారు.

నోరు మూసుకుంటే డాక్టరేటు. మర్నాడు పొద్దున్నే వెళ్లి గైడు గారికి కుళాయి నీళ్లు కలిసిన సంగతి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఫలితాల కాగితం పక్కన పెట్టేశారు.

"వానలు పడకముందే మళ్లీ పోయి తెచ్చుకో."

ఈసారైనా చోటిమ్మని హెడ్డు గారి గదికి వెళ్లాను. ఆయన డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్ తెరిచి చూపించారు. పై అర నుంచి కింది అర దాకా కూల్‌డ్రింకులు, వైవాకొచ్చే ఎగ్జామినర్ల కోసం.

"నీ వైవాకు కూడా చల్లగా ఇప్పిస్తాంలే" అన్నారు.

నాలుగు డిగ్రీల దగ్గర, చీకట్లో, మూతలు బిగించి ఉన్నాయి. ఒక్క చుక్క తగ్గలేదు, ఒక్క చుక్క కలవలేదు. అంత పద్ధతిగా భద్రపరిచిన నమూనాలను నేనింతవరకు చూడలేదు.