ఆర్గన్‌కు డ్రిల్లు నేర్పిన మాస్టారు

“పదింటికి బిషప్ గారొస్తున్నారు. ఆర్గన్ మార్పిడి సంగతి ఇవాళ తేలిపోవాలి” అన్నారు బడి పెద్ద అయిన మదర్.

“అయ్యయ్యో! ఆయనకి కిడ్నీయా, కాలేయమా?” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

“ఆయనకి కాదు మాస్టారూ, మన ప్రార్థన మందిరానికి!”

బీరువా అంత ఆర్గన్ అది. వయసు నూట పాతికేళ్ళు. వెనక మాస్టారు తిత్తి కొడితే, ముందు సంగీతం సిస్టర్ మెట్లు నొక్కితే, లోపలి గొట్టాలు పాడతాయి. మూలుగుతోంది గనక దాన్ని మూలకు తోసి కీబోర్డు తెద్దామని మదర్ పట్టు. ఇరవయ్యేళ్ళుగా వాయిస్తున్న సిస్టర్‌కు అది ప్రాణం. ఇవాళ బిషప్ ముందు సరిగా పలక్కపోతే అది పాతసామాన్ల పాలే.

అందుకే తెల్లవారగానే సిస్టర్ ముప్ఫై చిన్న గొట్టాలను పీకి, దుమ్ము తుడిచి, బల్ల మీద పేర్చింది. అంతలో మదర్ పిలిచారు.

“కాస్త చూస్తుండండి మాస్టారూ!” అంటూ పరుగెత్తింది.

చూస్తూ ఊరుకోవడం మాస్టారి ఒంట్లోనే లేదు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అన్నది ఆయన వేదం. ఆయన గదిలో చీపుళ్ళు కూడా ఎత్తు ప్రకారమే నిలబడతాయి. పాపం సాయం చేద్దామనే, గొట్టాలన్నిటినీ ఆర్గన్‌లో ఎడమ నుంచి కుడికి ఎత్తుల వారీగా గుచ్చి, తలుపులు మూశాడు.

సిస్టర్ తిరిగొచ్చేసరికి వెంట బిషప్ గారూ, వెనక పిల్లలూ.

“అన్నీ పెట్టేశానమ్మా, మీరు కానివ్వండి!”

అడిగే వ్యవధి లేదు. సిస్టర్ కీర్తన ఎత్తుకుంది. మెట్లెక్కవలసిన పాట నేలమాళిగలో పడింది. ఆర్గన్ ఎటు పోతే అటు పాడడం నేర్చిన పిల్లలు భక్తిగా వెంటే దూకారు. గాలి చాలలేదనుకున్న మాస్టారు తిత్తిని ఇంకా బలంగా కొట్టాడు. శ్రుతి పోయింది, చెవులు పోవడమే తరువాయి.

“విన్నారా, నే చెప్పలే?” అన్నారు మదర్. సిస్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బిషప్ లేచి వెళ్ళి ఆర్గన్ తలుపులు తెరిచారు. “ఇవి ఎవరు సర్దారు?”

“నేనేనండీ! ఎలా ఉంది లైను?”

“అయ్యో మాస్టారూ!” సిస్టర్ తల పట్టుకుంది. “బరువు సమంగా ఉండాలని ఒక స్వరం గొట్టం ఎడమకి, తర్వాతి స్వరం గొట్టం కుడికి పంచారండీ ఆర్గన్ కట్టినవాళ్ళు. గొట్టాల అడుగున గుచ్చే కాళ్ళు కూడా హెచ్చుతగ్గులే. ఎత్తు చూస్తే లాభం లేదు, ఊది వినాల్సిందే.”

“ఊదడానికి మనుషులకేం కరువు?” అంటూ బిషప్ పిల్లలకు తలా ఒక గొట్టం ఇచ్చారు.

పిల్లలు ఊదుతుంటే సిస్టర్ విని, వాళ్ళను స్వరాల వరుసలో నిలబెట్టింది. బుడంకాయ పక్కన తాటిచెట్టు, తాటిచెట్టు పక్కన మళ్ళీ బుడంకాయ.

“లైను వంకరమ్మా!” మాస్టారు విలవిల్లాడాడు.

“శ్రుతి తిన్నగా ఉంది, మీరూరుకోండి!”

ఆమె వేలు చూపిన కొద్దీ కీర్తన ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు నడిచింది. మదర్ పాదం తెలియకుండానే తాళం వేసింది. అది బిషప్ కంటపడింది.

“ఏమంటారు మదర్?”

“ఏమంటానండీ, నా కాలే నా మాట వినలేదు. దీన్నే ఉండనివ్వండి.”

బిషప్ పిల్లల వైపు తిరిగారు. “ఇందాక పాట తప్పింది మీవల్ల కాదర్రా, ఆర్గన్ వల్లా కాదు...”

“నావల్ల!” అన్నాడు మాస్టారు, అటెన్షన్‌లో నిలబడి.

ఆర్గన్ మందిరంలోనే నిలిచింది గానీ, దాని గొట్టాలు పిల్లల నోళ్ళలోంచి వెనక్కి వచ్చేసరికి సాయంత్రమైంది.