షెడ్డులో మేడ

కూర్చోండి. దుర్గాసాయీ, నువ్వు ఆ గోడవారగా కూర్చో. ఆ సంచీ కుర్చీ వెనకాల పెట్టుకో, వంటింట్లోంచి కనపడకూడదు.

మీరంతా వచ్చింది నా ఆరోగ్యం కనుక్కోవడానికి కాదని నాకు తెలుసు. లిఫ్టు కథ నా నోటితో వినాలని వచ్చారు. ధవళేశ్వరంలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఒకడు నేను లిఫ్టు మీద నిద్రపోయానన్నాడు. ఇంకొకడు ఫైరింజను వచ్చి దించిందన్నాడు. నాకు అంత గౌరవం ఎక్కడ జరిగింది?

ముందు మా ఆవిడ సంగతి. పేరు ప్రసన్నకుమారి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆవిడ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ అవుతుందని అనుకుని ఉండరు. పిల్లాడి జేబులో ఉసిరికాయలు ఉన్నాయో లేదో వాడి నడక చూసి చెప్పేస్తుంది. అలాంటావిడ ఇంట్లో షుగర్ ఉన్న నేను, పూతరేకులు లేకపోతే రోజు గడవని నేను.

మా అన్నయ్యకి షుగర్ ముదిరి కాలి వేళ్ళు తీసేశారు కదా, అప్పట్నుంచి ప్రసన్నకి భయం పట్టుకుంది. బెల్లం డబ్బా బీరువాలోకి వెళ్ళిపోయింది, ఆవిడ గొలుసు పక్కకి. నేను బియ్యం డబ్బాలో పూతరేకు దాస్తే దొరికింది. పాత రేడియోలో దాస్తే దొరికింది. సర్వీసంతా ఫైళ్ళు ఎవరికీ దొరక్కుండా పెట్టినవాణ్ణి, ఇంట్లో ఒక్క పూతరేకు దాచలేకపోయాను.

ఇంతలో ఆవిడ కొత్త కారు కొంది. షెడ్డు ఒక్కటే. అందులో నా పాత మారుతి ఉంది.

"మీ బండి అమ్మేద్దామండి," అంది.

"అది మన పెళ్ళయిన కొత్తలో కొన్నది ప్రసన్నా."

"పెళ్ళయిన కొత్తలో మీకు జుట్టు కూడా ఉండేది. అది పోలేదా?"

ఆ కష్టంలో ఉండగా ఫోన్లో ఒక వీడియో కనపడింది. ఎవరో ఇంటి షెడ్డులో నాలుగు ఇనప స్తంభాలు పాతారు. రిమోటు నొక్కితే ఒక కారు పైకి పోతోంది, రెండోది దాని కింద నిలబడుతోంది. అందరూ చూసేది కారునే. నేను డిక్కీని చూశాను. మా ఆవిడ చెయ్యి అందని ఎత్తులో డిక్కీ.

రాజమండ్రిలో ఈ లిఫ్టులు బిగించేది బుల్లిరాజు. పేరుకే బుల్లి, మనిషి మా గేటులోంచి పక్కకి తిరిగి వచ్చాడు. కబుర్లలో తెలిసింది, అతని అత్తారిది ఆత్రేయపురమట. ఆ మాట వినగానే ఇంకెవర్నీ కనుక్కోకుండా పని అతనికే ఇచ్చేశాను.

"మరి వచ్చినప్పుడల్లా ఓ డబ్బా పూతరేకులు తేగలవా?" అన్నాను మెల్లిగా.

"ఆయ్, ఎంత మాటండి. మా అత్తగారే చుడతారండి."

షెడ్డు కప్పు ఎత్తు చాలదన్నాడు. రేకులు పీకించి గోడలు లేపించాం. దాంతో మేడ కడుతున్నాననుకుని ఇద్దరు ముగ్గురు అద్దెకి అడిగారు. ఒకాయన బాత్రూము ఎటువైపు వస్తుందో కూడా కనుక్కున్నాడు.

నేను అక్కడితో ఆగలేదు. గోడకి కొక్కేలు కొట్టాను. పానాలు, గొట్టాలు, పాత టైర్లు అన్నీ తగిలించాను. బోల్టులు, మేకులు వేరువేరు డబ్బాల్లో పోశాను. ప్రసన్న గుమ్మంలో చేతులు కట్టుకుని చూసింది.

"ఒక్క మేకు కొట్టమంటే మీకు వానాకాలం వెళ్ళిపోయేది. ఏంటండి ఈ సర్దుడు?"

"రిటైరయ్యాను కదా, ఇల్లు పట్టించుకుందామని."

"నిచ్చెన ఏది?"

"పక్కింటి రత్తమ్మగారు అడిగితే ఇచ్చేశాను."

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నిచ్చెనేం చేసుకుంటుంది?"

నేను వంగి టైరు తుడిచాను.

ఇంక నా దినచర్య మొదలైంది. ఆవిడ కారు స్కూలుకి వెళ్ళగానే లిఫ్టు దించి, నా మారుతిలో కూర్చుని, రిమోటు నొక్కి పైకి వెళ్ళిపోయేవాణ్ణి. కప్పు కింద, ఫ్యాను గాలి తగులుతూ, ఒళ్ళో డబ్బా. రేకు నోట్లో పెట్టుకుంటే అలా కరిగిపోయేది. అబద్ధమెందుకు, ఇంత సుఖం నేను ఉద్యోగంలో కూడా ఎరగను.

కానీ ప్రసన్నకి అనుమానం మొదలైంది. అదీ తప్పుడు అనుమానం. ఓ సాయంత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏదీ, ఊదండి."

"ఎందుకు?"

"యానాం వెళ్ళి చవక మందు తెచ్చుకునేవాళ్ళతో మీకు స్నేహాలున్నాయి. ఊదండి."

నేను ధీమాగా ఊదాను. ఆవిడ ముక్కు చిట్లించింది.

"యాలకుల వాసన."

"నోరు శుభ్రంగా ఉంటుందని నమిలాను."

"వాసన కప్పెట్టడానికే నములుతారు," అంది. లేని తప్పుకి అనుమానిస్తుంటే నాకు లోపల భలే సంతోషంగా ఉంది. యానాం సీసాల కోసం ఇల్లంతా వెతుక్కోనీ అనుకున్నాను.

తర్వాత చీమలొచ్చాయి. స్తంభం పట్టుకుని కింద నుంచి పైదాకా ఒకటే బారు. నేను చీమల సుద్ద తెచ్చి స్తంభాల చుట్టూ గీతలు గీశాను. సరిపోలేదని ఇంకో వరస గీశాను.

"లిఫ్టుకి ముగ్గు పెట్టారేంటండి? మన ఇంట్లో ఏనాడూ లేని ముగ్గు?"

"డిజైను."

ఆవిడ చీమల బారుని కింద నుంచి పైకి చూసింది. పై నుంచి కిందికి చూసింది. మర్నాటి నుంచి ప్రశ్నలు ఆపేసింది. ఊదమనలేదు, నిచ్చెన అడగలేదు. ఇప్పుడు అనుమానించే పని నాకొచ్చి పడింది. అన్నం కలుపుతూ ఆవిడ మొహం చూసేవాణ్ణి. ఆవిడ మజ్జిగ పోసేది.

ఒక్క మాట మాత్రం వదల్లేదు. "ఏమండీ, లిఫ్టుకి ప్రతిష్ఠ ప్రార్థన ఎప్పుడు పెడదాం?"

మా ఇంట్లో కొత్త వస్తువేదైనా మా చర్చి పాస్టరు ఆరోన్ అయ్యగారొచ్చి ప్రార్థన చేస్తేగానీ వాడకం ఉండదు. ఫ్రిజ్జుకి చేశారు, నీళ్ళ మోటారుకి చేశారు, మిక్సీకి కూడా చేశారు. లిఫ్టుకి మాత్రం నేను వాయిదాలు వేస్తున్నాను. పది మంది షెడ్డులోకొచ్చి తలలు ఎత్తితే నా బతుకేం కావాలి?

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. చర్చిలో నా ఆమేన్‌కి పేరుంది. మా నాన్నకీ ఉండేది. సంఘమంతా అన్నా సరే, నాది వినపడితేనే అయ్యగారు కళ్ళు తెరుస్తారు.

ఆ శనివారం ప్రసన్న చర్చిలో స్త్రీల సమాజం మీటింగుకని కారు తీసుకుని వెళ్ళింది. నేను పైకెళ్ళాను. అప్పుడే బుల్లిరాజు కొత్త సరుకు ఇచ్చి వెళ్ళాడు. మొదటి డబ్బా విప్పానో లేదో, గేటు చప్పుడైంది. తర్వాత చెప్పుల చప్పుడు, చాలా చెప్పులు.

"రండయ్యగారూ, ఇదేనండి లిఫ్టు," అంటోంది మా ఆవిడ. "మావారు బజారుకెళ్ళినట్టున్నారు. మనం కానిచ్చేద్దాం."

మీటింగు మీటింగంతా మా షెడ్డులోకొచ్చింది. నేను వెనక సీటులోకి పాకి, డబ్బా పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాను. సుద్ద గీత దాటొచ్చిన చీమలు కాలర్లో దూరాయి. గోక్కుంటే స్ప్రింగులు కిర్రుమంటాయి. ఊపిరి బిగబట్టాను.

అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. కుటుంబాన్ని దీవించారు, కొత్త కారుని దీవించారు, రేకుల్ని, స్తంభాల్ని విడివిడిగా దీవించారు. కరెంటు పోకుండా ఉండాలని కోరారు. "ఈ ఇంటి యజమానుణ్ణి కూడా ఇంకా పైకి తీసుకువెళ్ళు ప్రభువా," అన్నారు. ఇంకా పైకి వెళ్ళడానికి చోటు లేదు, కారు టాపు రేకులకి తగులుతోంది. చివరికి గొంతు పెంచి ముగించారు.

"ఆమేన్," అన్నాను.

నేననలేదు, నోరు అనేసింది. కింద ఆడవాళ్ళు అన్నది వాళ్ళకే వినపడలేదు. నాది మాత్రం రేకులకి కొట్టుకుని ఖణేలుమంది.

అద్దంలోంచి తొంగి చూశాను, కింద అందరి తలలూ పైకే ఉన్నాయి. ప్రసన్న తల కూడా ఎత్తలేదు.

"ఇంక దిగొచ్చండి," అంది.

నేను రిమోటు కోసం తడుముకుంటుంటే కారు దానంతటదే దిగడం మొదలెట్టింది. మళ్ళీ చూస్తే ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోంచి బయటికొచ్చి ఉంది, ఆ చేతిలో రిమోటు.

"అదెక్కడిది?" అన్నాను దిగగానే, మొహం ఎటు పెట్టుకోవాలో తెలీక.

"లిఫ్టుకి రెండిస్తారటండి. బుల్లిరాజుగారు బిగించిన రోజే ఒకటి నాకిచ్చారు, ఇంటావిడ దగ్గర ఉండాలని." అంటే నా మేడకి ఆవిడ ఎప్పుడో వెళ్ళొచ్చింది.

దగ్గరకొచ్చి, నా కాలర్ మీద చీమలు దులుపుతూ, ఎవరికీ వినపడకుండా అంది. "సీసాలుంటాయనుకుని ఎక్కాను. సీసాలైతే అరిచేసి ఊరుకునేదాన్ని. పూతరేకులు చూసి మీ అన్నయ్యగారి కాలు గుర్తొచ్చి, ఆ కార్లోనే కూర్చుని ఏడ్చాను. మీకు అది పొద్దున్న తినే స్వీటు. నాకు రాత్రి పట్టని నిద్ర."

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

ఆవిడ మాత్రం అటు తిరిగి గొంతు పెంచింది. "అందరూ ఆగండమ్మా. లిఫ్టు ప్రతిష్ఠకని మావారు ఆత్రేయపురం నుంచి ప్రత్యేకంగా పూతరేకులు తెప్పించారు. మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని డిక్కీలో దాచారు. ఏమండీ, మీ చేత్తో మీరే పంచండి."

పంచాను. డబ్బా తర్వాత డబ్బా విప్పి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. ఉషారాణిగారు రెండోది అడిగితే అదీ ఇచ్చాను. ఆఖరిది చేతిలో మిగిలింది.

"మరి సాల్మన్‌గారికో?" అన్నారు అయ్యగారు నా వైపు చూసి.

"ఆయనకి కాకరకాయ రసం చేసి తెచ్చానండి," అంది ప్రసన్న, ఫ్లాస్కు మూత తిప్పుతూ. ఆఖరి పూతరేకు అయ్యగారే తిన్నారు.

ఇప్పుడు మేడ మీద స్త్రీల సమాజం వాళ్ళ గిన్నెలు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. నా మారుతి వీధిలో పట్టా కప్పుకుని ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. రెండు రిమోట్లూ ఆ హ్యాండ్‌బ్యాగులోనే.

అందుకే దుర్గాసాయీ, ఆ సంచీ అలా వెనకాలే ఉంచు. మీరు వెళ్ళేటప్పుడు మెల్లిగా ఆ పట్టా కిందకి...

"దుర్గాసాయిగారూ," అంది వంటింట్లోంచి మా ఆవిడ గొంతు. "ఆ సంచీ ఇలా ఇచ్చి, చేతులు కడుక్కుని రండి. పెసరట్లు వేశాను."

ఇచ్చెయ్యరా.

ఆమేన్.