గ్రింబుల్స్ లిఫ్టులో వేడన్నం

ఇంగ్లండులో గ్రింబుల్స్ వారి దుకాణం ఏ ఊళ్ళో మూతపడినా, దాని పై అంతస్తు మర్నాడు పొద్దున్న టీ వేళకల్లా విశాఖపట్నం వచ్చి, పాత పోస్టాఫీసు దగ్గరున్న గ్రింబుల్స్ శాఖ నెత్తిన కూర్చునేది. పెద్ద చప్పుడేమీ ఉండేది కాదు. కింద గాజు బీరువాలు ఒకసారి గలగలమనేవి, సాసర్లో కాస్త టీ ఒలికేది. లిఫ్టు నడిపే గనగళ్ల ఎల్లాజీ కప్పు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, కొత్త సరుకు అందినట్టు రసీదు మీద సంతకం పెట్టడానికి పైకి వెళ్ళేవాడు.

ఈ గ్రింబుల్ అన్నాయన అసలు గొడుగుల వ్యాపారి. గొడుగు కొన్న వారం లోపల వాన పడకపోతే గొడుగు వాపసు తీసుకుంటానని దుకాణం ముందు బోర్డు పెట్టాడు. ఆ దేశంలో వారం రోజులు వాన పడకపోవడమన్నది లేదు కనక ఆయన పంట పండింది. గొడుగుల పక్కన టోపీలు వచ్చాయి, టోపీల పక్కన చేతి తొడుగులు, ఆ పైన పింగాణీ, పరుపులు, పెళ్ళి గౌన్లు. ముప్పయ్యేళ్ళు తిరిగేసరికి నలభై మూడు ఊళ్ళలో నలభై మూడు దుకాణాలు. విశాఖపట్నంలో రైలు దొరల కోసం, రేవు దొరల కోసం రెండంతస్తుల శాఖ ఒకటి తెరిచారు. తరవాత దొరలు వెళ్ళిపోయారు. శాఖ మూసెయ్యమని ఉత్తరం మాత్రం రాలేదు. ఉత్తరం రానప్పుడు మూసెయ్యడానికి మనమెవరం అని మేనేజరు రోజూ పదింటికి తలుపులు తీయించాడు. ఆయన తరవాతి మేనేజర్లూ అదే చేశారు.

అలా వచ్చినవాటిలో మొదటిది 1974లో, బోల్టన్ అనే ఊరి నుంచి. మధ్యలో మూడు శాఖల దగ్గర ఆగిందట. ముగ్గురూ చోటు లేదు పొమ్మన్నారు. విశాఖపట్నంలో మాత్రం, లండను హెడ్డాఫీసు నుంచి ఏది వచ్చినా అడ్డు చెప్పకుండా పుచ్చుకోవడం అలవాటు. పైకి పోయే సరుకంతా లిఫ్టులోనే పోతుంది కనక రసీదు మీద సంతకం లిఫ్టు మనిషిది. రసీదు ఇంగ్లీషులో అచ్చు వేసినది, మూడు వాక్యాలు: సరుకు అందినది. మంచి స్థితిలో ఉన్నది. దయచేసి ఇటువంటిది మరికొంత పంపగలరు. ఆ మూడోది వ్యాపారస్తుల మర్యాద. ఎల్లాజీకి ఇంగ్లీషు చదవడం రాదు. సంతకం మాత్రం చక్కగా, కింద గీతతో సహా పెట్టేవాడు. ఆ మర్యాద లండను చేరింది. వాళ్ళు దాన్ని నిజంగా అడిగినట్టే పట్టుకున్నారు.

బోల్టన్ అంతస్తు తన వానతో సహా వచ్చింది. రోహిణీ కార్తెలో ఊరంతా ఉడికిపోతుంటే, మూడో అంతస్తు కిటికీల అవతల సన్నటి తుంపర పడుతూ ఉండేది. జనం కుటుంబాలతో వచ్చి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, ఒళ్ళు చల్లబడ్డాక ఏమీ కొనకుండా దిగిపోయేవారు. పురపాలక ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు. అంతస్తు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదు. పక్కన ఎంత ఖాళీ వదిలారని అడిగి, టేపు పట్టి కొలిచి, రాసుకుని, తుంపర చూసి వెళ్ళిపోయాడు.

ఇదంతా మామూలైపోయింది. ఇంగ్లండులో జనం మొదట ఊరి బయటి పెద్ద షెడ్లలోకి పోయారు, ఆ తరవాత ఫోన్లలోకి పోయారు. కంపెనీని ఒకళ్ళు కొన్నారు, వాళ్ళ దగ్గర ఇంకొకళ్ళు కొన్నారు. కొన్నవాడల్లా ఇంకో పది దుకాణాలు మూయించేవాడు. అక్కడ గ్రింబుల్స్ ఎంత కుంగితే ఇక్కడ అంత లేచింది. అంతస్తులతో పాటు సిబ్బంది కూడా వచ్చేవారు. లీడ్స్ వాళ్ళు కోపిష్టి మనుషులు. డెర్బీ వాళ్ళు పాపం ఎవరి జోలికీ పోరు. అందరూ ఠంచనుగా పదింటికి కౌంటర్ల వెనక నిలబడేవారు, అయిదింటికి కూర్చునేవారు. ప్రతి అంతస్తు మీదా ‘మూసివేత సందర్భంగా తగ్గింపు’ అన్న బోర్డు వచ్చినప్పటి నుంచీ అలాగే వేలాడుతోంది.

ఎల్లాజీకి యాభై ఎనిమిదేళ్ళు నిండిన రోజున భవనానికి ఇరవై ఒక్క అంతస్తులు ఉన్నాయి. ఆ పొద్దున్న అతని భార్య నూకరత్నం గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది.

“ముప్పయ్యారేళ్ళు కేరేజీ కట్టినాను. మజ్జానం పూట నువ్వు వేడన్నం తినడం నానొక్కనాడు చూళ్ళేదు. కాయితం అట్టుకొచ్చీ. పన్నెండింటికి ఇస్తరేస్తాను, నా ఎదట కూకుని తినాల. అంతే.”

ఒక్కనాడూ అన్నది కాస్త ఎక్కువే, మొదట్లో ఆదివారాలుండేవి. పై అంతస్తుల వాళ్ళ దేశంలో ఆదివారం దుకాణాలు తెరవొచ్చని చట్టం వచ్చాక, ఎల్లాజీకి ఆ ఒక్క పూటా పోయింది.

కాగితం అంటే విడుదల ఉత్తరువు. అది ఇచ్చేది సిబ్బంది వ్యవహారాల శాఖ. ఆ శాఖ ఎప్పుడూ అన్నిటికన్నా పై అంతస్తులోనే ఉండాలని గ్రింబుల్ గారు స్వయంగా నియమం పెట్టారు. ఫిర్యాదున్నవాడు ఎక్కుతూ ఎక్కుతూ ఆయాసపడి, సగంలో మనసు మార్చుకుంటాడని ఆయన నమ్మకం. కొత్త అంతస్తు వచ్చినప్పుడల్లా శాఖ బల్లలూ బీరువాలూ మోసుకుని పైకి మారేది. మెట్లెక్కి పోదామంటే, బోల్టన్ మెట్లు ఎడం పక్క, డెర్బీ మెట్లు కుడి పక్క, లీడ్స్ వాళ్ళవి ఎక్కడో గోడలోకి పోయేవి. లిఫ్టు గొట్టం ఒక్కటే అన్ని చోట్లా ఒకేలా ఉండేది.

ఆ లిఫ్టు సంగతి కూడా చెప్పాలి. ప్రతి అంతస్తులోనూ ఆగాలి. రెండు జాలీ తలుపులూ తీయాలి. అంతస్తు నంబరూ సరుకుల పేర్లూ కేకెయ్యాలి. ఎవరున్నా లేకపోయినా రెండు నిమిషాలు ఆగాలి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ, లిఫ్టు కదులుతున్నంతసేపూ మనిషి చెయ్యి మీట మీదే ఉండాలి. పది అంతస్తులకోసారి మోటారుకి అరగంట విశ్రాంతి. మనిషికి విశ్రాంతి గురించి నియమాల్లో ఏమీ లేదు, బహుశా మరిచిపోయి ఉంటారు.

సిబ్బంది శాఖ అధికారి మిస్ విట్లాక్, ప్రెస్టన్ అంతస్తుతో వచ్చిన మనిషి. పాత మిషనరీల వ్యాకరణం దగ్గర పెట్టుకుని తెలుగు నేర్చుకుంది. ఆవిడ కూడా ఎప్పుడో రిటైరు కావలసిందే. కానీ ఆ అర్జీ మీద సంతకం పెట్టవలసిన అధికారి తనే కావడం వల్ల, తన అర్జీ తను చూసుకోవడం మర్యాద కాదని సొరుగులో పెట్టేసింది.

“ఎల్లాజీ, నీవు వచ్చితివా. సంతోషము. నేడు బల్లలు పైకి వెళ్ళుచున్నవి. సోమవారము రమ్ము,” అనేది.

సోమవారానికి బల్లలు సర్దడం అయ్యేది కాదు, సర్దడం అయ్యేసరికి ఇంకో అంతస్తు వచ్చేది. ఇలా పదకొండేళ్ళు గడిచాయి. మేనేజరు ద్విభాష్యం సోమేశ్వరరావు గారు కింద అంతస్తులోనే ఉండి, తన రిటైర్మెంటు గురించి ఆలోచించడం మానేశారు.

“పైకి చూడకయ్యా ఎల్లాజీ, మెడ పడుతుంది. నన్ను చూడు, హాయిగా ఉన్నాను,” అని టీ తాగేవారు. ఆయన అంత హాయిగా ఏమీ లేరు.

చివరికి ఒక బుధవారం పొద్దున్న టీ వేళకి నలభై అయిదో అంతస్తు వచ్చింది. అది లండనులోని తల్లి దుకాణం. గ్రింబుల్ గారు మొదటి గొడుగు అమ్మిన కౌంటరు, దాని మీద ఆయన నూనె చిత్తరువు. కంపెనీ ఛైర్మన్ కూడా కుర్చీతో సహా వచ్చాడు. కిటికీ లోంచి సముద్రం చూసి, ఇది ఏ నది అని అడిగాడు. ఇంగ్లండులో గ్రింబుల్స్ అన్న దుకాణం ఒక్కటీ మిగల్లేదు. ఇక రావడానికి అంతస్తు లేదు. ఆ సంబరంలో ఎల్లాజీ రసీదు సంగతే మరిచిపోయాడు.

మర్నాడు ఆరింటికే బయల్దేరాడు. నూకరత్నం కేరేజీ కట్టలేదు. రేవుకెళ్ళి కోనం చేప తెచ్చి, మసాలా నూరడం మొదలుపెట్టింది. ఎల్లాజీ పన్నెండున్నరకి నలభై అయిదులో తలుపు తీశాడు. మిస్ విట్లాక్ బల్ల గోడకి ఆనించి, కదలకుండా మేకులు కొట్టించుకుని కూర్చుంది.

“ఈ అంతస్తు యొక్క రసీదు ఇంకను రాలేదు. అది ఇమ్ము. ఉత్తరువు రేపు పది గంటలకు సిద్ధమగును,” అంది. ఎదురుగా ఉన్న మనిషి ఇంతకాలం సంతకం పెట్టిన కాగితమేమిటో మొదటిసారి తెలుగులో చదివి వినిపించింది, పోయే ముందు మర్యాదగా ఉంటుందని.

మూడో వాక్యం విని ఎల్లాజీ తెల్లబోయాడు. “మరికొంత పంపమనా? నానా అడిగినాను?”

“నలభై రెండు మారులు.”

“ఈ ముక్క కొట్టీమంటారా అమ్మగోరూ?”

“కొట్టివేతలున్న పత్రము చెల్లదు. కొత్త పత్రము లండను నుండి రావలెను. లండను ఇక్కడనే ఉన్నది. పత్రములు మాత్రము అచ్చువేయుట మానిరి.”

ఎల్లాజీ ఆలోచించాడు. ఇక పంపడానికి వాళ్ళ దగ్గర ఏముంది గనక? సంతకం పెట్టాడు. కింద గీత కూడా గీశాడు. సాయంత్రం ఇంటికి పోయేసరికి చేపల పులుసు గిన్నె మీద మూత, మూత మీద నూకరత్నం చెయ్యి. వెచ్చబెట్టకుండానే వడ్డించింది. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

శుక్రవారం టీ వేళకి సాసర్లో టీ ఒలికింది.

ఈసారి వచ్చిన అంతస్తులో ఏమీ లేదు. నేల ఉంది, తెల్లటి గోడలు ఉన్నాయి, గోడ మీద గ్రింబుల్స్ అన్న పేరు ఉంది. కౌంటరు లేదు, మనిషి లేడు, కిటికీ లేదు కనక వాన కూడా లేదు. సోమేశ్వరరావు గారికి ఒక ఉత్తరం వచ్చింది. ఫోన్లో బట్టలమ్మే కుర్రకంపెనీ ఒకటి గ్రింబుల్స్ పేరు కొనుక్కుందట, పేరు మాత్రమే. వాళ్ళకి దుకాణాలు లేవు. దుకాణం లేకపోవడాన్నే రోజుకొకటి చొప్పున విస్తరిస్తున్నారట, ఒక్కోటీ ఒక ఖాళీ అంతస్తుగా. విశాఖపట్నం వారి రసీదు అందిందనీ, సంతోషమనీ రాశారు. మిస్ విట్లాక్ మేకులు పీకించి నలభై ఆరుకి మారింది. మర్నాడు నలభై ఏడుకి.

ఆదివారం తెల్లవారి అయిదున్నరకి నూకరత్నం కిరసనాయిలు పొయ్యి ఒక చేత, గిన్నెలు ఒక చేత పట్టుకుని దుకాణానికి వచ్చి లిఫ్టులో కూర్చుంది.

“ఇదేటే?” అన్నాడు ఎల్లాజీ.

“నువ్వు దిగి రావు. నానెక్కుతాను. పన్నెండింటికి ఎక్కడుంటే అక్కడే ఇస్తరేసీత్తాను.”

లిఫ్టులో పొగతాగరాదు, కుక్కలను తేరాదు, తడి గొడుగులు విప్పరాదు అని నియమాలున్నాయి. పొయ్యి గురించి లేదు. మూడో అంతస్తులో బోల్టన్ ఈదరగాలికి మంట ఆరిపోబోయింది. ఆమె గాలికి అడ్డంగా జరిగి కూర్చుంది. ఇరవైలో అన్నం ఉడికింది. ముప్పైలో మోటారు విశ్రాంతి తీసుకుంటుండగా పులుసు కుతకుతలాడింది. లీడ్స్ వాళ్ళు, డెర్బీ వాళ్ళు కౌంటర్ల వెనక నుంచి మెడలు చాచి వాసన చూశారు. ఎల్లాజీ అంతస్తుల నంబర్లు మరింత గట్టిగా కేకేశాడు.

నలభై ఏడులో ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు. నలభై ఎనిమిదిలో తలుపు తీసి ఎల్లాజీ యథాప్రకారం కేకేశాడు: “నలభై ఎనిమిదో అంతస్తు. ఏమీ లేదు.” ఆ ఇద్దరూ గబగబా దిగిపోయారు.

“ఏమీ లేదంటే దిగిపోతన్నారేటి?” అంది నూకరత్నం.

“ఫోన్లో ఆఫరొచ్చిందంట.”

దూరంగా, ఖాళీ నేల చివర, మిస్ విట్లాక్ బల్ల కనిపించింది. పక్కన ఒక కుర్చీ. నూకరత్నం విస్తరి పరిచి, పొగలు కక్కుతున్న అన్నం పెట్టి, పైన రెండు చేప ముక్కలు వేసింది. ఎల్లాజీ చెయ్యి మీట మీద ఉంది. బల్ల వైపు చూస్తూ ఆమె కొంగు దోపుకుంది.

“ఆవిడేనా? నువ్వడగలేవు గానీ ఉండు. రెండు ముక్కల్లో తేల్చుకొచ్చీత్తాను.”

“ముందు కూకో. నువ్వు ఎదట లేకుండా ఎలా తింతాను?”

“ఎంతసేపు! ఇప్పుడే వొచ్చీత్తాను,” అని దిగింది. రెండు నిమిషాలూ అయిపోయాయి. ఎల్లాజీ తలుపులు మూశాడు. నలభై తొమ్మిది ఇంకా రాలేదు కనక కిందికి దిగడం మొదలైంది. విస్తరి ముందు, చెయ్యి మీట మీద. నేల చేరేసరికి అన్నం గట్టిపడింది.

మర్నాడు పైకి పోయేసరికి ఆమె నలభై తొమ్మిదిలో, అదే కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో ఒకటో నంబరు చీటీ. ఆమె ముందు ఎవరూ లేరు. అయినా నంబరు పిలవాలి కదా. పిలిచే వేళకి బల్లలు పైకి కదిలేవి, కుర్చీ కూడా వాటితో పాటు పోయేది.

“ఇంటికి పోదుం రాయే. కాయితం లేకపోతే లేకపోయింది,” అన్నాడు ఎల్లాజీ. అతను నిజంగానే అన్నాడు.

నూకరత్నం చీటీ చూపించింది. “ఇంతసేపు కూకుని ఇప్పుడు లెగిసిపోతే? ఒకటో నంబరు నాదేనయ్యా. నానెల్లిపోతే ఎనకాలోళ్ళకి ఇచ్చీత్తారు!”

వెనకాల నిజంగానే ఇంకో పదిమంది ఉన్నారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పొయ్యి ఎల్లాజీది. ఒక చెయ్యి మీట మీద ఉండగా గాలికి అడ్డం కూర్చోవడం కుదరదు కనక, తెల్లవారుజామునే కింద అన్నం వండి, కేరేజీ కట్టి బయల్దేరతాడు. నిన్న అరవై రెండో అంతస్తులో ఆమెకి అందించాడు. ఆమె మూత తీసి, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

“సల్లారిపోనాది,” అంది.

“అవునే,” అన్నాడు ఎల్లాజీ. “రేపు ఇంకాస్త పెందలాడే బయల్దేరతాన్లే.” రెండు నిమిషాలూ అయ్యాయి. అతను తలుపులు మూశాడు.