పావురం వాలిన తరగతి

ఈ దేశంలో పెళ్లి తేదీని పాస్టరుగారు నిర్ణయించవచ్చు గానీ, పెళ్లయినవాళ్లు ఒకే ఊళ్లో ఉండాలా వద్దా అన్నది మాత్రం బి.ఎడ్. కాలేజీ నోటీసుబోర్డే నిర్ణయిస్తుంది. పెళ్లయిన పన్నెండో రోజు పొద్దున, కోడుమూరులో మా ఆయన లేవీ నేనూ ఒకే పళ్లెంలో బొరుగుల ఉగ్గానీ బజ్జీలూ తింటుండగా (రెండో పళ్లెం ఉంది, కానీ అప్పుడు ఎదురెదురుగా కూర్చోవాలి) ఆ నిర్ణయం నా ఫోన్‌కు వచ్చింది. 'ఛాత్రోపాధ్యాయురాలు స్తుతి. బోధనాభ్యాసం నలభై రోజులు. కోడుమూరు మండలం.' నా పుట్టిల్లు బద్వేలు కాబట్టి అటువైపే ఎక్కడో వేస్తారని నేను బ్యాగు కూడా సర్దుకున్నాను. లేవి ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివి, మిగిలిన ఒక్క బజ్జీని నా వైపు జరిపాడు. చర్చిలో చేసిన ప్రమాణం కన్నా అదే నాకు గట్టిగా అనిపించింది.

మెసేజ్ కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. తరగతి నిర్వహణలో డెబ్బై అయిదు మార్కులు రానివారు వచ్చే ఏడాది మళ్లీ నలభై రోజులు, ఈసారి రాజంపేటలో చేయవలెను. రాజంపేట మంచి ఊరే. అక్కడ మా ఆయన ఉండడు, అదొక్కటే లోపం.

తరగతి నిర్వహణ అంటే ఏమిటో తేల్చుకోవడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్లు పట్టింది. మండల ప్రశాంతతా సమన్వయకర్త ఉమామహేశ్ గారికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఆయన ఆలోచన నుంచి పుట్టినదే 'శాంతి మిత్ర' అనే యాప్. పీరియడ్ మొదలవగానే ఫోన్‌ను బల్ల మీద పెట్టాలి. గది నిశ్శబ్దంగా ఉంటే తెర మీద తెల్ల పావురం వాలుతుంది. శబ్దమైతే ఎగిరిపోతుంది. పీరియడ్ చివర, పావురం ఎంతసేపు కూర్చుందో లెక్కగట్టి నూటికి మార్కులు వేస్తుంది. ఏం పాఠం చెప్పారని యాప్ అడగదు. (అడిగే గడి మొదట్లో ఉండేదట. మార్కులతో దానికి సంబంధం లేదని తేలి తీసేశారు.) మొదటి పాతిక రోజులు అలవాటు కోసం. చివరి పదిహేను రోజుల సగటే లెక్కలోకి వస్తుంది.

మార్గదర్శక పుస్తకంలో ముప్ఫై రెండు పేజీలున్నాయి. ఏడో పేజీలోని నియమం నాకు బాగా నచ్చింది: 'సందేహము గల విద్యార్థి చేయి ఎత్తి, సందేహమును మనసులో స్పష్టముగా అనుకొని, చేయి దించవలెను.'

మొదటి రోజు ఆరో తరగతిలోకి అడుగుపెట్టాను. నలభై ఒక్క మంది లేచి, నమస్తే మేడమ్ అన్నారు. పాఠం మొదలు కాకముందే పావురం వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పెదవులతో మాత్రమే నమస్తే చెప్పుకున్నాం. ఫ్యాన్ కిర్రుమంటుందని ఆపేశాం. సుద్దముక్క గీరుకుంటుందని తడిపి రాశాను. పిల్లలు చెమటలు కారుస్తూ, బోర్డు మీద ఏమీ కనిపించకపోయినా ఎంతో మర్యాదగా చూశారు.

లేవి పశువుల ఆసుపత్రిలో సహాయకుడు. మందలను అదుపులో పెట్టడం ఆయన వృత్తి కనుక సలహా అడిగాను. గొర్రెలకు సూదులు వేసేటప్పుడు ముందు ఒకదాన్ని పట్టుకొని నిలబెడితే చాలునని, మిగతావి దాన్నే చూస్తూ కదలకుండా ఉంటాయని చెప్పాడు. నేను ఒకణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టాను. వాడు నవ్వాడు. వాణ్ణి చూస్తూ మిగతా నలభై మంది నవ్వారు. గొర్రెలకు నవ్వు రాదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

పైగా రోడ్డు మీద ట్రాక్టరు. అది రోజుకు పదిసార్లు బడి ముందు నుంచి పోతుంది, పోయినప్పుడల్లా నా పావురాన్ని లేపుతుంది. దీనికోసం 'బాహ్య శబ్ద మినహాయింపు పత్రం' ఉంది. శబ్దం చేసినవారి సంతకం కావాలి. ట్రాక్టరు తోలే బొజ్జన్నను ఆపి విషయం చెప్పాను. ఆయన ఇంజను కట్టేసి, పత్రాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏం మేడమ్, నేను ఈ దావలో పోతే నువ్వు ఫెయిలైతావా?"

అవునన్నాను.

"నా చేతిలో ఇంత ఉండాదని నాకిన్ని దినాలు తెలీనే తెలీదు గదప్పా" అని, ఆనందంగా మూడు కాపీల మీదా సంతకం పెట్టాడు. వారం తర్వాత పత్రం తిరిగివచ్చింది. శబ్దం చేసినది ట్రాక్టరు, సంతకం చేసినది మనిషి, కావున చెల్లదు.

ఇరవై ఆరో రోజు, అంటే మార్కులు లెక్కలోకి వచ్చే మొదటి రోజు, భిన్నాలు చెప్పాలి. నా డబ్బాలోని జొన్న రొట్టె తీసి సగం చేశాను, ఆ సగాన్ని మళ్లీ సగం చేశాను. నాలుగో బెంచీలో యశోద అనే పిల్ల ఉంది. పాతిక రోజుల్లో ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. (యాప్ దృష్టిలో మండలంలోనే ఉత్తమ విద్యార్థి.) ఆ పిల్ల లేచి, చెయ్యి ఎత్తి, దించకుండా అడిగింది.

"మేడమ్, ఇట్ల సగం సగం చేస్తానే పోతే రొట్టె ఎప్పుడైపోతాది?"

అయిపోతుందని సగం మంది, ఎప్పటికీ అయిపోదని సగం మంది లేచి నిలబడ్డారు. బెంచీలు కొట్టారు. ఒకడు బోర్డు దగ్గరికి పరుగెత్తుకొచ్చి గీతలు గీశాడు, ఇంకొకడు వాటిని చెరిపి వేరే గీతలు గీశాడు. నేను కూడా అరిచాననే అనుకుంటాను. ఆ రోజు తొమ్మిది మార్కులు వచ్చాయి. నేను లేవి బండి వెనక కూర్చుని పాటలు మొదలుపెట్టాను. తొమ్మిది అంటే రాజంపేట అని లేవి మెల్లగా గుర్తుచేశాడు. ఇంకో రెండు చరణాలు పాడాక ఆపేశాను.

ఆ వారమే ఊళ్లో సుగ్గి మొదలైంది. వానలు పడని ఏడాది ఇళ్లకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ లారీ ఎక్కుతారు. సోమవారం నా తరగతిలో నలభై ఒక్క మంది. గురువారానికి పంతొమ్మిది. పై వారానికి పది. నా మార్కులు అరవై రెండు, డెబ్బై ఎనిమిది, ఎనభై ఎనిమిది. మీ నిర్వహణలో గణనీయమైన పరిణతి కనిపిస్తున్నదని యాప్ నన్ను అభినందించింది. హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో చప్పట్లు కొట్టించారు (తలుపు మూసి).

లారీకి సామాన్లు కడుతున్న చోటికి వెళ్లి, యశోద వాళ్లమ్మ వెంకటేశ్వరమ్మను పట్టుకున్నాను. పిల్లను వదిలి వెళ్లమని బతిమాలాను.

"దీన్ని ఇడిసి పోతే ఈడ ఎవరు చూస్తారు మేడమ్? మా అత్తకు కండ్లే అగుపడవు" అంది ఆమె.

మధ్యాహ్నం భోజనం బడిలోనే ఉందని, పొద్దునా సాయంత్రం నేను ఇంటికి వచ్చి చూస్తానని చెప్పాను. ఆమె తాడు ముడిని సగంలో ఆపింది.

"ఇది ఇంట్లోనే మాట్లాడదు. మీ కాడ ఏందో అడిగిందంట గదా. దానికి జవాబు చెప్పినారా?"

ఇంకా లేదన్నాను.

"అట్లయితే చెప్పేదాకా ఉండనీలే" అని, లారీ మీది నుంచి ఒక చిన్న గుడ్డల మూట దింపింది.

మిగిలినవాళ్లూ లారీ ఎక్కాక నా తరగతి అంటే యశోద. ఒక్కతే కదా అని పావురం స్థిమితంగా కూర్చుంటుందనుకున్నాను. కానీ నలభై మంది అడగని ప్రశ్నలన్నీ ఆ పిల్లే అడగడం మొదలుపెట్టింది. సున్నాను సగం చేస్తే ఏమొస్తుంది? గుంటూరుకు పోయినోళ్లు ఇక్కడి హాజరుపట్టీలో ఎలా ఉన్నారు? మార్కులు డెబ్బై ఒకటి, డెబ్బై రెండు. లెక్కలోకి వచ్చే పదిహేనులో పదమూడో రోజు సాయంత్రానికి నా సగటు డెబ్బై రెండు.

ఈ రోజు పద్నాలుగోది. అవ్వను కంటి డాక్టరుకు చూపించడానికి యశోద కర్నూలు వెళ్లింది. నియమం ప్రకారం పీరియడ్ మొదలవగానే ఫోన్ బల్ల మీద పెట్టి, ఖాళీ బెంచీలకు ఎదురుగా కూర్చున్నాను. పావురం వాలింది. నలభై నిమిషాలు కదల్లేదు. ఒకసారి కన్ను కూడా మూసింది. నూటికి నూరు. సగటు డెబ్బై నాలుగు.

మూడింటికి ఉమామహేశ్ గారు స్వయంగా ఫోన్ చేశారు.

"నూటికి నూరు నా సర్వీసులో ఎప్పుడూ చూడల్యా మేడమ్. ఏం చేసినారు?"

"పిల్లలు లేరు సార్."

అవతల కలం గీరుకున్న చప్పుడైంది. రాసుకుంటున్నారనుకుంటాను.

"మంచి పద్ధతి. రేపు అరవై మంది ట్రైనీలను తోలుకొని వస్తాండా. ఇదే తరగతి, ఇట్లనే చూపించల్ల."

రేపు యశోద వస్తుందని చెప్పాను.

"ఒక్క దినం ఇంటికాడ ఉండమనండి మేడమ్. ఆ పాప చదువు కోసమే గదా మనం ఇంత కష్టపడతాండేది."

సాయంత్రం బండి మీద లేవి వచ్చాడు. విషయం విని, అయితే రాజంపేట తప్పినట్టేనన్నాడు. అవునన్నాను. ఇద్దరం సంతోషించాం. నిజంగానే సంతోషించాం. దారిలో ఒకటే గ్లాసు చెరుకురసం తాగాం. ఆ తర్వాత, నేను చెప్పకుండానే ఆయన బండిని యశోద వాళ్ల సందులోకి తిప్పాడు.

అవ్వ కళ్లలో మందు వేసుకొని అరుగు మీద కూర్చుని ఉంది. యశోదతో రేపు రావద్దన్నాను. ఎందుకని అడగలేదు. ఇంకోటి అడిగింది.

"మరి పాఠం ఎవరికి చెప్తావు మేడమ్?"

బయటి నుంచి సార్లు, మేడమ్‌లు వస్తారని చెప్పాను.

"వాళ్లకు రాదా?"

లేవి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

పిల్ల సెలవుకు కారణం ఇవ్వకపోతే యాప్ ఒప్పుకోదు. అందులో జ్వరం, సుగ్గి, ఇతరములు అని మూడే ఉన్నాయి. ఇతరములు నొక్కితే అర్జీ కాగితాన్ని ఫోటో తీసి పెట్టమంది. యశోద తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. నేనే రాశాను, అవ్వ వేలిముద్ర వేసింది: 'అయ్యా, రేపు బడిలో ఆదర్శ పాఠం ఉన్నందున మా పాప బడికి రాలేకపోతున్నది.'