స్థిరత్వానికి పతకం

హనీగేట్ పాటల బృందంలో ఎలాంటి మార్పూ లేదని మేనేజరు క్లైవ్ రడ్జ్ గారు పత్రికల వాళ్ళకి గంభీరంగా ప్రకటించిన రోజునే జోడీ పార్గెటర్‌ని అందులోంచి తీసేశారు. ఆ సంగతి ఆమెకి మేకప్ గదిలో, బేకన్ శాండ్‌విచ్ సగం తిన్నాక తెలిసింది.

"మార్పు లేదని చెప్పారు కదా క్లైవ్ గారూ?"

"లేదు కదమ్మా. ముగ్గురుండేవారు, ముగ్గురే ఉన్నారు. నీకెక్కడ కనబడింది మార్పు?"

"నేను లేను కదా."

"లేవు, నిజమే. అది నీ వ్యక్తిగత విషయం. అందులో నేను జోక్యం చేసుకోను."

ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ యూత్ క్లబ్బులో ఆ బృందాన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో చివరిదాకా మిగిలింది జోడీయే. మార్సియాకి కవలలు పుట్టారని తీసేశారు. మార్సియాని ఎందుకు తీశారని అడిగినందుకు బెర్నీని తీసేశారు. క్లైవ్ గారు మాత్రం దూరదృష్టి గల మనిషి. ఆడపిల్లలకి ఇంకా పదిహేడేళ్ళు నిండకముందే బృందం పేరూ పాటలూ తన కంపెనీ పేర రిజిస్టరు చేయించి, చేపల వేపుడు కొట్లో బల్లమీద తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకున్నారు.

జోడీ ఒక బడి వంటశాలలో చేరింది. మధ్యాహ్నాలు పిల్లలకి కస్టర్డ్ వడ్డించేది. టీవీలో హనీగేట్ వచ్చినప్పుడు చూసేది. ముఖాలు ఏడాదికోసారి మారేవి. గొంతు మాత్రం తనదే. మొదటి ఆల్బమ్ టేపు పెట్టి, కొత్తవాళ్ళ చేత పెదవులు ఆడించేవారు.

వాళ్ళమ్మ మొరీన్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయింది. బృందానికి పేరు తెచ్చిన 'ఆఖరి స్టాపు దాకా' అన్న పాట జోడీ పదహారేళ్ళప్పుడు, అమ్మ నడుపుతున్న బస్సులో పైఅంతస్తు ముందు సీట్లో కూర్చుని అమ్మమీదే రాసింది. మొరీన్ డెబ్బయ్యో పుట్టినరోజుకి జోడీ, మార్సియా, బెర్నీ కలిసి బస్సు కార్మికుల క్లబ్బులో ఆ పాట పాడారు. విన్నవాళ్ళు ముప్ఫైమంది. అందులో సగంమందికి చెవుడు.

వారం తిరక్కుండా క్లైవ్ గారి లాయరు నోటీసు వచ్చింది. జోడీ ఫోను చేసింది.

"మీరు ముగ్గురూ పక్కపక్కన నిలబడితే అచ్చం హనీగేట్‌లా ఉన్నారటమ్మా," అన్నారు క్లైవ్ గారు నొచ్చుకుంటూ. "జనం మోసపోరూ?"

"మేమే కదండీ హనీగేట్."

"ఇదిగో, ఇలాంటి మాటలే కేసు దాకా తెస్తాయి."

జనానికి వీపు తిప్పి పాడితే సరిపోతుందా అని మార్సియా అడిగించింది. లాయరు రెండు వారాలు ఆలోచించి, ముగ్గురివీ వీపులు కూడా పోలి ఉన్నాయని జవాబు రాశాడు. ఆ తర్వాత మొరీన్ ప్రతి ఆదివారం వేయించిన మాంసం కోసుకుంటూ, "ఆ పాట ఒక్కసారి పాడవే," అనేది. జోడీ కిటికీ మూసి, కూనిరాగం తీసేది. తను పుట్టించిన పాటని తన వంటింట్లోనే దొంగలా పాడుకునేది.

ఆ రోజుల్లో దేశంలో ప్రభుత్వం చాలా చురుగ్గా ఉండేది. మంత్రులు మారే వేగానికి తట్టుకోలేక గది తలుపుమీద పేరు రాయడం మానేసి, అయస్కాంతం అక్షరాలు అంటించేవారు. అలాంటి ప్రభుత్వం 'స్థిరత్వం' పేరిట జాతీయ ప్రచారం తలపెట్టడం ఎంతైనా హర్షించదగ్గ విషయం. పాతికేళ్ళుగా నిలకడగా ఉన్న సంస్థ ఏదని వెతికి, కమిటీ హనీగేట్‌ని ఎంచుకుంది. బర్మింగ్‌హామ్ హాల్లో పతకం ప్రదానం.

సరిగ్గా ఆ పొద్దున బృందంలో ఒకామె సొంతంగా పాడుకుంటానని వెళ్ళిపోయింది. ఇంకొకామె టీవీ పోటీకోసం అడవికి విమానమెక్కింది. మూడో ఆమెని తీసేసి పిలిపించిన కొత్త పిల్ల రైలు ఆగిపోయి క్రూ స్టేషన్లో ఇరుక్కుంది. పన్నెండున్నరకి క్లైవ్ గారు బడి వంటశాలకి వచ్చారు.

"అర్జెంటుగా ముగ్గురు కావాలమ్మా. పాట మాటలు తెలిసినవాళ్ళు."

"నేనే రాశాను కదండీ."

"అదే, తెలిసే ఉంటాయని వచ్చాను. కాకపోతే ఎంపిక పరీక్ష తప్పదు."

జోడీ గరిటె పక్కనపెట్టింది. "మా అమ్మకి ముందు వరసలో కుర్చీ. ఆ పాట మా అమ్మ కోసం ఎప్పుడంటే అప్పుడు పాడుకోవచ్చని కాగితం రాసివ్వండి."

క్లైవ్ గారు కళ్ళు మూసుకుని బాధపడ్డారు. చివరికి ఆ పూట భోజనాల పట్టిక వెనకాల, 'ఇంట్లో, కిటికీలు మూసి పాడుకోవచ్చు' అని రాసి సంతకం చేశారు. జోడీ 'కిటికీలు మూసి' కొట్టేయించి, కాగితం ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

హాల్లో మంత్రిగారి సలహాదారు మిస్ ఫెన్విక్ జోడీ, మార్సియా, బెర్నీ ముగ్గుర్నీ తేరిపార చూసింది. "అసలువాళ్ళ పోలికలు లేవే."

"దూరాన్నించి చూస్తే సర్దుకుంటుంది," అన్నారు క్లైవ్ గారు.

మైకులు పనిచెయ్యకుండా ఆపేశారు. టేపు పెట్టారు. జోడీ తన పదిహేడేళ్ళ గొంతుకి తన నలభై రెండేళ్ళ పెదవులు కదిపింది. రెండో చరణంలో టేపు గురగురమని ఆగిపోయింది. మార్సియా జోడీ వంక చూసింది. జోడీ అమ్మ వంక చూసి, మైకు దించేసి, సొంత గొంతుతో అందుకుంది. మిగతా ఇద్దరూ కలిశారు. ముందు వరసలో మొరీన్, లేని స్టీరింగు పట్టుకుని ఊగుతోంది.

మిస్ ఫెన్విక్ ఫారంలో రాసుకుంది: 'మధ్యామె గొంతు ఒరిజినల్‌లా లేదు. మార్చాలి.'

మంత్రిగారు పతకం చేతబట్టుకుని ప్రసంగం అందుకున్నారు. "పాతికేళ్ళుగా చెక్కుచెదరని ఈ బృందం నుంచి నేను—"

మిస్ ఫెన్విక్ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన కాగితం, పతకం బల్లమీద పెట్టి, కోటు తీసుకుని పక్క మెట్ల మీదుగా దిగిపోయారు. రెండో వరసలోంచి ఒక ఆవిడ లేచి వచ్చి, కాగితంమీద వేలు జరిపి ఆపినచోటు వెతికి పట్టుకున్నారు.

"—నేర్చుకున్నది ఒక్కటే, నిలకడ," అని పూర్తిచేశారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆవిడ పతకం గుచ్చుతూ, జోడీని మెల్లిగా అడిగారు. "ఎన్నాళ్ళయింది మీరు ఇందులో?"

"మధ్యాహ్నం నుంచండీ."

కొత్త మంత్రిగారి ముఖంలో గౌరవం కనబడింది.

"అయితే నాకంటే సీనియరు మీరు. ఫోటోకి ఎటు చూడాలో కాస్త చెబుతారా?"